సెల్ టవర్ దగ్గర ఉంటే పిల్లల్లో రోగనిరోధక శక్తి తగ్గుతుందా?

ఎదుటి మేడ మీద సెల్ టవర్ ఉందని, పాపకు నెల తిరక్కుండానే జలుబు చేస్తోందని, ఆ తరంగాలే కారణమా అని అడిగారు. నన్నడిగితే, టవర్ కంటే ముందు దాని జనరేటర్‌ను అనుమానించండి.

2021 మే నెలలో, కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు, 5జీ పరీక్షల వల్లే జనం చనిపోతున్నారని వాట్సాప్‌లో ప్రచారం సాగింది. అసలు ఆ పరీక్షలు దేశంలో ఎక్కడా మొదలే కాలేదని టెలికాం శాఖ ప్రకటించినా వినేవారు లేరు. విజయవాడలో మా అపార్ట్‌మెంట్‌వాళ్ల కోపమంతా పక్క భవనం టవర్ మీదికి మళ్లింది. మూడో అంతస్తులో ఉండే చెల్లెమ్మ కొడుక్కి ఎడతెగని దగ్గు. "అన్నయ్యగారూ, అది తీయిస్తారా, మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమంటారా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

కర్ఫ్యూ ఎత్తేశాక రుసుము కట్టి రేడియేషన్ కొలిపించాం. ఇంజనీరు ఆమె బాల్కనీలోనే రేడియేషన్ కొలిచే యాంటెన్నా నిలబెట్టాడు. మన దేశం 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు తగ్గించింది. 900 మెగాహెర్ట్జ్ తరంగాలకైతే ఆ పరిమితి చదరపు మీటరుకు 0.45 వాట్లు. అక్కడ అందులో వందో వంతు కూడా లేదు. ఇంతలో కరెంటు పోయి, కింద డీజిల్ జనరేటర్ దడదడలాడుతూ మొదలైంది. దాని పొగగొట్టం సరిగ్గా పిల్లాడు పడుకునే గది వైపే ఉంది. కిటికీ చువ్వను వేలితో రాస్తే నల్లటి మసి జిడ్డుగా అంటుకుంది. ఆ గొట్టం ఎత్తు పెంచడానికి కంపెనీ మమ్మల్ని నెలల తరబడి తిప్పింది. ఒక్క ఉత్తరానికీ జవాబివ్వలేదు. పెంచాక పిల్లాడి దగ్గు తగ్గింది.

తరంగాలకూ రోగనిరోధక శక్తికీ ముడిపెట్టిన పరిశోధనలు పాతవే. సోవియట్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో అలాంటి మార్పులు చూశామన్నారు. వాటిని సరిచూడటానికి 2450 మెగాహెర్ట్జ్ తరంగాలను రోజుకు 7 గంటల చొప్పున 30 రోజులు ఎలుకల మీద ప్రయోగించారు. రష్యాలో కొంతమేర అవే ఫలితాలు కనిపించాయి, ఫ్రాన్స్‌లో ఏ మార్పూ కనిపించలేదు. అంత బలహీనమైన ఆధారంతో పసిపిల్లల తల్లులను భయపెట్టడం అన్యాయం.

ఫోను చేసే అసలు హాని నిద్ర చెడగొట్టడం. అమెరికాలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ వేసి చూసి, ఫలితాలను 2015లో ప్రచురించారు. 7 గంటలకు మించి నిద్రపోయేవారితో పోలిస్తే 6 గంటలు కూడా నిద్రపోనివారికి జలుబు వచ్చే అవకాశం 4.2 రెట్లు ఎక్కువగా తేలింది. మీ పాప ఎన్నింటికి పడుకుంటోందో, ఫోను ఏ వేళ వరకు చేతిలో ఉంటోందో ముందు చూడండి.

రేడియేషన్‌ను ఆపుతాయంటూ అమ్మే, ఫోనుకు అంటించే స్టిక్కర్లు మాత్రం కొనకండి. వాటిని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. స్టిక్కర్ నిజంగా సిగ్నల్‌ను అడ్డుకుంటే, టవర్‌ను అందుకోవడానికి ఫోను తన శక్తిని ఇంకా పెంచుకుంటుంది.