మోయడం వేరు, వంగకుండా ఉండడం వేరు

గుంటూరు

అల్లుడూ,

వన్‌టౌన్ బట్టల కొట్టులో మీరు వేసిన మెజనైన్ (కొట్టు లోపల సగం ఎత్తులో వేసే ఇనుప అంతస్తు) నడుస్తుంటే ఊగుతోందని, ఓనరు గొడవ పెడుతున్నాడని రాశావు. E250 గ్రేడు బీములు తీసేసి E350 వేస్తే సరిపోతుందా మావయ్యా అని అడిగావు. సరిపోదురా. డబ్బు పోతుంది, ఊగుడు అలాగే ఉంటుంది. ఈ సంగతి ఇప్పుడే ఒంటబట్టించుకో. లేకపోతే ఆటోనగర్‌లో ఎన్నేళ్లు చేసినా సైజులు ఊహ మీదే వేస్తుంటావు.

ఆ 250, 350 అంకెలు ఇనుము ఎంత ప్రతిబలం (చదరపు మిల్లీమీటరుకు పడే బలం) దగ్గర లొంగిపోయి, ఇక వెనక్కి రాకుండా పోతుందో చెబుతాయి. అది బలం. బరువు పెట్టినప్పుడు ఎంత దిగుతుందనేది స్టిఫ్‌నెస్. అందులో పదార్థం వాటా యంగ్ గుణకం (సాగడాన్ని ఆ పదార్థం ఎంత గట్టిగా ఎదిరిస్తుందో చెప్పే అంకె) ఒక్కటే, మిగతాదంతా సెక్షన్ (అడ్డకోత) ఆకారం, స్పాన్ (ఆధారాల మధ్య దూరం). మైల్డ్ స్టీల్‌కైనా, టీఎంటీ కడ్డీకైనా, లారీ కమాను పట్టీకైనా ఆ గుణకం ఇంచుమించు 200 గిగాపాస్కల్సే. గ్రేడు మారిస్తే అది మారదు. అల్యూమినియంది 70. గాజుది కూడా దాదాపు అంతే, అయినా ఒకటి వంగుతుంది, ఇంకొకటి పగులుతుంది. పెళుసుదనం మరో లెక్క, దాన్ని ఇందులో కలపకు.

షాపులో పని లేని పూట ఇది చేసి చూడు. 50 బై 6 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ ఫ్లాటు (పట్టీ) తీసుకుని, మీటరు పొడవు బయటికి ఉండేలా బెంచ్ వైస్‌లో పడుకోబెట్టి బిగించు. కొస ఎత్తు గుర్తు పెట్టుకుని 5 కిలోలు వేలాడదీయి. గుర్తు నుంచి 9 సెంటీమీటర్లు దిగుతుంది. అదే ఫ్లాటును నిలువుగా బిగించి అదే బరువు వేస్తే ఒక మిల్లీమీటరు పైచిలుకు, అంతే. ఇనుము అదే, కిలోలు అవే, తేడా దాదాపు 70 రెట్లు. తర్వాత అదే వెడల్పు, మందం ఉన్న కమాను పట్టీని పడుకోబెట్టి 5 కిలోలు వేయి. అదీ 9 సెంటీమీటర్లే దిగుతుంది! రెండింటికీ బరువు 10 కిలోలకు పెంచి తీసేస్తే అప్పుడు తేడా బయటపడుతుంది: మైల్డ్ స్టీల్ కొంత వంగిపోయి ఉంటుంది, కమాను పట్టీ పూర్తిగా పైకి లేస్తుంది. ఎక్కువ ధర పెట్టి కొనే గ్రేడు ఇచ్చేది ఇదే.

ఇక నీ బీము. స్టిఫ్‌నెస్ బీము లోతు (పై నుంచి కింది దాకా ఎత్తు) ఘనంతో పెరుగుతుంది. ఐఎస్‌ఎంబీ 200 (200 మిల్లీమీటర్ల లోతున్న I ఆకారపు బీము) బదులు 250 వేస్తే బరువు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది, స్టిఫ్‌నెస్ 2.3 రెట్లవుతుంది. స్పాన్ ఇంకా గట్టిగా పనిచేస్తుంది. మీటరుకు పడే బరువు అదే అయితే, 6 మీటర్ల స్పాన్‌ను 5 చేస్తేనే దిగుడు సగానికి పడిపోతుంది. ఉక్కు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం స్పాన్‌లో 300వ వంతు, అంటే 6 మీటర్లకు 20 మిల్లీమీటర్ల దాకా ఒప్పే. కానీ అంత దిగే ఫ్లోరు సెకనుకు నాలుగు సార్లు ఊగే రకం, మనిషి నడక సెకనుకు రెండు అడుగులు, అంటే ప్రతి రెండో ఊగుడుకు ఒక అడుగు తాళం కలుస్తుంది. లెక్కలో పాసైనా కాళ్లకు తెలిసిపోతుంది. ఓనరు అబద్ధమాడట్లేదు, ఆయన మాట కొట్టిపారేయకు.

మధ్యలో స్తంభం పెట్టనిస్తే అంతకన్నా మంచి మందు లేదు. దాని కింద ఫుటింగ్ (పునాది) సంగతి మాత్రం మర్చిపోకు. కొట్టు మధ్యలో అడ్డమంటే, బీము కింద మరో ఐఎస్‌ఎంబీ 200 కలపొచ్చు. ఊరికే ఆనించి పెడితే రెండూ ఒకదాని మీద ఒకటి జారతాయి, స్టిఫ్‌నెస్ రెండింతలే అవుతుంది. పొడవునా వెల్డింగ్ చేసి ఒక్కటిగా పనిచేయిస్తే దాదాపు అయిదింతలు. లారీ కమాను కట్టలో పట్టీలను వెల్డింగ్ చేయకుండా జారనిచ్చేది అందుకే, అక్కడ కావాల్సింది మెత్తదనం.

పని మొదలుపెట్టే ముందు మెజనైన్ మీద సరుకంతా దింపించు. జాకీలు పెట్టి బీమును లెవెల్‌కు లేపాకే వెల్డింగ్ మొదలుపెట్టండి, లేకపోతే ఇప్పుడున్న వంపు అలాగే ఉండిపోతుంది. బీము కొసల్లో బోల్టులు వదులుగా ఉన్నాయేమో ముందే చూడు, సగం ఊగుడు అక్కడే దొరకొచ్చు. స్తంభాలు ఈ అదనపు బరువు ఆపుతాయో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించి సంతకం తీసుకో. డ్రాయింగు ఫోటో నాకూ పంపు.

మీ మావయ్య