పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ తీరం, టెండ్రింగ్ కౌన్సిల్

ప్రశ్న: మా అబ్బాయి ఎసెక్స్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. అద్దె తక్కువని ముగ్గురు కలిసి క్లాక్టన్‌లో ఇల్లు తీసుకున్నారు. టెండ్రింగ్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ నుంచి కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) బిల్లొచ్చింది. స్టూడెంట్లు కట్టక్కర్లేదంటారు కదా? పైగా ఇంటి ముందు రోడ్డు గుంత గురించి చెబితే ‘అది మా పని కాదు’ అన్నారట. – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఇంట్లో ఉన్న ముగ్గురూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఒక్క పౌండు కూడా కట్టక్కర్లేదు. అయితే అడగనిదే ఎవరూ ఇవ్వరు. యూనివర్సిటీ నుంచి ముగ్గురూ కౌన్సిల్ ట్యాక్స్ సర్టిఫికెట్ తీసుకుని, మినహాయింపు దరఖాస్తుతో పాటు పంపాలి. ఎక్కడికి పంపాలన్న దగ్గరే తికమక. క్యాంపస్ ఉన్న వివెన్‌హో పార్క్ కోల్చెస్టర్ కౌన్సిల్ కిందికి వస్తుంది, మీవాడి ఇల్లేమో టెండ్రింగ్‌లో ఉంది. చూడాల్సింది ఇల్లున్న చోటే కాబట్టి కాగితాలు టెండ్రింగ్‌కే వెళ్లాలి.

ముగ్గురిలో ఒకరు చదువు మాని ఉద్యోగంలో చేరితే లెక్క మారుతుంది. బిల్లు ఆ ఒక్కరి మీదే పడుతుంది, 25 శాతం తగ్గింపు ఉంటుంది. ఇద్దరు ఉద్యోగస్తులైతే తగ్గింపూ ఉండదు. గదుల లెక్కన విడివిడి ఒప్పందాలతో అద్దెకిచ్చిన ఇల్లయితే పన్ను యజమానిదే, ఒప్పందం మరోసారి చదివించండి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కోర్సు అయిపోయాక. సర్టిఫికెట్ మీదున్న ముగింపు తేదీతో మినహాయింపూ పోతుంది. ఉద్యోగం దొరికిందా లేదా అన్నది కౌన్సిల్‌కి అనవసరం.

వచ్చిన కవర్లు విప్పకుండా పక్కన పెట్టొద్దని గట్టిగా చెప్పండి. వాయిదా తప్పితే రిమైండర్ వస్తుంది, ఏడు రోజులు గడువు. అప్పుడూ కట్టకపోతే మరో వారానికి వాయిదాల హక్కు పోయి, ఏడాదికి మిగిలిన మొత్తమంతా ఒకేసారి కట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు, దానిమీద ఖర్చులు. మామూలుగా పన్ను ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాల్లో కడతారు, అడిగితే పన్నెండు చేస్తారు.

ఇక రోడ్డు గుంత. మనకు చెత్తయినా, గల్లీ రోడ్డయినా, ఇంటి పన్నయినా మున్సిపల్ కార్పొరేషన్ దగ్గరికే పరుగు. అక్కడ పనులు రెండు అంచెల్లో పంచుకున్నారు. చెత్త ఎత్తడం, ఇంటి ప్లాన్ల అనుమతులు, కౌన్సిల్ ఇళ్లు, బీచ్‌లు, ఓటర్ల జాబితా, పన్ను వసూలు టెండ్రింగ్‌వి. రోడ్లు, బడులు, లైబ్రరీలు, వృద్ధుల సంరక్షణ చెమ్స్‌ఫర్డ్‌లో ఉండే ఎసెక్స్ కౌంటీ కౌన్సిల్‌వి. చెత్తలోనూ ఓ విచిత్రం ఉంది: ఎత్తేది డిస్ట్రిక్ట్, ఎత్తిన చెత్తను ఏం చేయాలో చూసేది కౌంటీ. కాబట్టి గుంత ఫిర్యాదు కౌంటీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. హారిచ్ రేవుకు పోయే ఏ120 మీద గుంతైతే అదీ కాదు, నేషనల్ హైవేస్‌కి చెప్పాలి. తాగునీరు, మురుగునీరు ఏ కౌన్సిల్ చేతిలోనూ లేవు, ప్రైవేటు కంపెనీలు చూస్తాయి.

బిల్లు మీద టెండ్రింగ్ పేరుంటుంది గానీ వసూలైన దాంట్లో సింహభాగం కౌంటీకి పోతుంది. పోలీసులకు, ఫైర్ సర్వీసుకు వేరే పద్దులుంటాయి. ఫ్రింటన్, హారిచ్, బ్రైట్‌లింగ్‌సీ లాంటి ఊళ్లలో టౌన్ కౌన్సిల్ పద్దు ఇంకోటి. క్లాక్టన్‌కి టౌన్ కౌన్సిల్ లేదు కనుక మీవాడి బిల్లులో ఆ వరుస కనిపించదు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు కోల్చెస్టర్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. టెండ్రింగ్ తీరంలోని వాల్టన్ దగ్గర, జేవిక్‌లో ఇళ్లు చవగ్గా కనిపిస్తున్నాయట. కొనమని చెప్పొచ్చా? – రిటైర్డ్ ఇంజినీర్, ఏఎస్ రావు నగర్

జవాబు: చవకకు కారణం రెండు చోట్లా సముద్రమే, కానీ ముప్పు ఒకటి కాదు.

టెండ్రింగ్ మూడు వైపులా నీళ్లున్న ద్వీపకల్పం. ఉత్తరాన స్టౌర్ నది ముఖద్వారం, నైరుతిన కోల్న్, తూర్పున ఉత్తర సముద్రం. వాల్టన్ పక్కన నేజ్ అనే కొండగట్టు ఉంది. కింద లండన్ క్లే అనే బంకమన్ను, పైన నీరింకే ఎర్రటి ఇసుక పొర. వాన నీరు ఇసుకలోంచి దిగి బంకమన్ను దగ్గర ఆగిపోతుంది, అక్కడ మట్టి జారుతుంది. జారిన మట్టిని అలలు ఊడ్చుకుపోతే అడుగున ఆనిక లేక మళ్లీ జారుతుంది. ఇలా కొన్ని చోట్ల ఏటా రెండు మీటర్ల దాకా గట్టు వెనక్కి జరుగుతోంది. 1720లో ఓడలకు గుర్తుగా కట్టిన నేజ్ టవర్‌ను కాపాడడానికి 2011లో గట్టు అడుగున బండరాళ్ల కట్ట వేశారు. అది కొంత మేరకే. తక్కిన గట్టు కోతకు వదిలేసిందే.

జేవిక్‌ది వేరే కథ. అక్కడ గట్టు లేదు, నేల పల్లం. సెలవుల్లో నాలుగు రోజులు గడపడానికి కట్టుకున్న తేలికపాటి ఇళ్లు తర్వాత కాపురాలుగా మారాయి. 1953 జనవరి 31 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఇంగ్లండ్ మొత్తం మీద 307 మంది పోతే, ఈ ఒక్క చోటే ముప్పై మందికి పైగా చనిపోయారు.

కొనేముందు చూడాల్సినవి చెబుతాను. మొదటిది, ఆ తీరానికి షోర్‌లైన్ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఏమంటోందో. ఉన్న తీరరేఖను నిలబెడతారా, ముందుకు జరుపుతారా, పద్ధతి ప్రకారం సముద్రానికి చోటిస్తారా, ఏమీ చేయకుండా వదిలేస్తారా అన్న నాలుగింటిలో ఒకటి ప్రతి ముక్కకూ రాసి ఉంటుంది. అదీ మూడు కాలాలకు విడివిడిగా. ఈరోజు నిలబెడతామన్నది యాభై ఏళ్ల తర్వాత మారొచ్చు. 1949 నాటి తీర రక్షణ చట్టం కౌన్సిల్‌కి అధికారమిచ్చింది గానీ, కాపాడి తీరాలన్న బాధ్యత పెట్టలేదు. ఇల్లు కోతకు పోతే నష్టపరిహారం హక్కూ లేదు.

రెండోది బీమా. వరద ముప్పున్న ఇళ్లకు ఫ్లడ్ రీ పథకం వల్ల అందుబాటు ధరకే బీమా దొరుకుతుంది, కానీ 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇంటికి వర్తించదు. ఆ పథకమూ 2039 దాకానే. ఇరవై అయిదేళ్ల లోను తీసుకుంటే సగం కాలం అది లేకుండానే గడపాలి. తీరపు కోతకు మాత్రం మామూలు ఇంటి బీమా రాదు. అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే బీమా కొటేషన్ తెప్పించుకోమనండి. లోను ఇచ్చే బ్యాంకు కూడా అదే అడుగుతుంది.

మా మాట అడిగితే, గట్టు అంచున గానీ జేవిక్‌లో గానీ వద్దు. రైలు కావాలంటే క్లాక్టన్ పోయే లైను మీద లోపలి ఊళ్లు చూడమనండి.

ప్రశ్న: టెండ్రింగ్‌కు జిల్లా కలెక్టర్ ఎవరు? – డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఎవరూ లేరు. 1974 ఏప్రిల్ 1న పాత పట్టణ, గ్రామీణ కౌన్సిళ్లు కలిసి టెండ్రింగ్ ఏర్పడింది. నాలుగేళ్లకోసారి ఎన్నికయ్యే 48 మంది కౌన్సిలర్లు తమలో ఒకరిని లీడర్‌గా ఎన్నుకుంటారు. కింద చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఉంటారు గానీ మన కలెక్టర్‌కున్న రెవెన్యూ, మేజిస్ట్రేట్ అధికారాలు ఆయనకుండవు. ఇలాంటి రెండంచెల చోట్ల ఒకే కౌన్సిల్ పెట్టాలని 2024 డిసెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం శ్వేతపత్రం తెచ్చింది. పరీక్షకు చదువుతుంటే అదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: స్టూడెంట్ వీసా మీద ఉన్న మా చెల్లికి అక్కడ ఓటరు నమోదు ఫారం వచ్చింది. పొరపాటా? – మలక్‌పేట

జవాబు: పొరపాటు కాదు. కామన్వెల్త్ దేశపు పౌరురాలిగా, చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివసిస్తున్నందుకు ఆమెకు కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుంది. నమోదు చేసేది డిస్ట్రిక్ట్ కౌన్సిలే. ఇల్లు మారితే మళ్లీ నమోదు చేసుకోవాలి. ఈ జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకూ మేలు. పోలింగ్ స్టేషన్‌లో ఫొటో గుర్తింపు అడుగుతారు, భారత పాస్‌పోర్టు చూపిస్తే చాలు.