నాయనకు మొదటి మందు ఎంచుకునే ముందు

కర్నూలు

అమ్మా తల్లీ,

నువ్వు పంపిన స్కాన్ కాగితాలన్నీ చదివాను. ఎడమ కిడ్నీలో 9 సెంటీమీటర్ల గడ్డ, రెండు ఊపిరితిత్తుల్లో మచ్చలు, తుంటి ఎముకలో ఒకటి. మీ అన్న బెంగళూరు నుంచి ఫోన్ చేసి ఈ వారంలోనే ఆపరేషన్ చేయించేద్దాం అంటున్నాడు. నువ్వేమో ఏ మందు మంచిదో చెప్పమంటున్నావు. మందు పేరు నేను చెప్పకూడదు, అది మెడికల్ ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్‌కు మందులిచ్చే డాక్టరు చెప్పాల్సిన మాట. ఆయన చెప్పేలోపు ఏ పరీక్షలు చేయించాలి, ఏం అడగాలి, ఇంట్లో ఏం మాట్లాడుకోవాలి, ఇవి మాత్రం చెప్పగలను. వార్డుల్లో నర్సుగా చూశాను, మీ మామకు ఇదే కిడ్నీ క్యాన్సర్ వచ్చినప్పుడు పక్కనుండి చూసుకున్నాను.

ముందు బయాప్సీ చేయించండి, అంటే సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. గడ్డ ఉందని స్కాన్ చెబుతుంది కానీ ఏ రకమో చెప్పలేదు. కిడ్నీ క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతుల దాకా క్లియర్ సెల్ రకమే. ఈమధ్య వచ్చిన మందుల జోడీలను ఎక్కువగా ఆ రకం మీదే పరీక్షించారు. పాపిలరీ, క్రోమోఫోబ్ లాంటివి అయితే మందు లెక్క మారుతుంది. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని మీ పిన్ని భయపెడుతోందట. అలా జరగడం చాలా చాలా అరుదు. ఆ భయంతో రకం తెలియకుండా మందు మొదలుపెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. బయాప్సీ బ్లాకులు, స్లైడులు అడిగి తీసుకుని భద్రంగా పెట్టుకో. రెండో డాక్టరు అభిప్రాయం కావాలంటే అవే కావాలి.

తర్వాత రక్త పరీక్షలు. ఈ జబ్బులో మందు నిర్ణయించే ముందు డాక్టర్లు ఆరు విషయాలు చూస్తారు: జబ్బు బయటపడిన ఏడాదిలోపే మందు మొదలుపెట్టాల్సి వస్తోందా, మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా, హిమోగ్లోబిన్ తగ్గిందా, కాల్షియం పెరిగిందా, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరిగాయా, ప్లేట్‌లెట్స్ పెరిగాయా. ఒక్కటీ లేకపోతే రిస్క్ తక్కువ, ఒకటో రెండో ఉంటే మధ్యస్థం, మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కువ. మీ నాయనకు హిమోగ్లోబిన్ 9.8 ఉంది. జబ్బు ఇప్పుడే బయటపడింది. అంటే ఇప్పటికే రెండు లెక్కకొచ్చాయి. కాల్షియం పరీక్ష నీ కాగితాల్లో ఎక్కడా లేదు, రేపే చేయించు. దాంతోపాటు ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ పరీక్ష కూడా చేయించు. ఆల్బుమిన్ తక్కువుంటే కాల్షియం నార్మల్‌గా కనిపించినా నిజానికి ఎక్కువ ఉండొచ్చు. నాయనకు దాహం బాగా పెరిగినా, మాట తడబడినా, మగతగా ఉన్నా, కాళ్లలో పట్టు తప్పినా, ఊపిరి ఆడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. అలాంటివేవీ లేకపోతే బయాప్సీ రిపోర్టు కోసం వారం పది రోజులు ఆగడం వల్ల సాధారణంగా నష్టం ఉండదు.

మీ అన్న ఆపరేషన్ మాట. గడ్డ కిడ్నీలో ఉంది కాబట్టి ముందు అది తీసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది, వాడి ఆత్రం నాకు అర్థమవుతోంది. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే చేసేవాళ్లు. 2018లో కార్మెనా అనే పరిశీలన ఫలితాలు వచ్చాయి. మధ్యస్థ, ఎక్కువ రిస్క్ ఉన్న 450 మందిలో సగం మందికి ముందు కిడ్నీ తీసి తర్వాత సునిటినిబ్ మాత్ర ఇచ్చారు, మిగతావాళ్లకు మాత్ర మాత్రమే ఇచ్చారు. మాత్ర ఒక్కటే తీసుకున్నవాళ్లు ఏమీ తక్కువ కాలం బతకలేదు. పెద్ద ఆపరేషన్ నుంచి కోలుకునే వారాల్లో ఊపిరితిత్తుల్లోని జబ్బు పెరగొచ్చు, మందు వెనకబడొచ్చు. అలాగని ఆపరేషన్ ఎప్పుడూ వద్దని కాదు. మూత్రంలో రక్తం ఆగకపోయినా, నొప్పి తట్టుకోలేకపోయినా చేస్తారు. ఒకటి రెండు మచ్చలే ఉండి మనిషి గట్టిగా ఉంటే చేస్తారు. మందుకు జబ్బు బాగా తగ్గాక కూడా చేస్తారు. అందుకని యూరాలజిస్టునీ ఆంకాలజిస్టునీ ఒకే మాట మీదికి తెమ్మను. తుంటి ఎముక మచ్చకు నొప్పి ఉంటే రేడియేషన్ గురించి అడుగు.

ఇక మందులు. మామూలు కీమో ఈ జబ్బు మీద పెద్దగా పనిచేయదు, జుట్టు ఊడుతుందని నాయన దిగులు పడుతుంటే ఆ మాట చెప్పు. ఉన్నవి రెండు దారులు. ఒకటి మాత్రలు: సునిటినిబ్, పాజోపానిబ్, ఆక్సిటినిబ్, కాబోజాంటినిబ్, లెన్వాటినిబ్. గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఇవి అడ్డుకుంటాయి. రెండోది ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు: నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్, ఇపిలిముమాబ్. మన రోగనిరోధక కణాలకు క్యాన్సర్ వేసిన కళ్లేన్ని ఇవి విప్పుతాయి. ఇప్పుడు మొదటి చికిత్సగా ఎక్కువగా చెప్పేది జోడీలే. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి మూడు వారాలకొకసారి నాలుగు డోసులు, ఆ తర్వాత నివోలుమాబ్ ఒక్కటే. లేదా ఒక ఇంజెక్షన్, ఒక మాత్ర కలిపి.

ఈ రెండు జోడీల తేడా డాక్టరు గదిలో హడావుడిగా చెప్పేస్తారు, అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను. మాత్ర ఉన్న జోడీతో గడ్డలు త్వరగా, ఎక్కువమందిలో చిన్నబడతాయి. ఆయాసం, నొప్పి ఉండి తొందరగా ఉపశమనం కావాల్సిన మనిషికి అది ముఖ్యం. రెండు ఇంజెక్షన్ల జోడీ అంతమందికి పనిచేయదు, కానీ పనిచేసినవాళ్లలో చాలామందికి ఆ మేలు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇబ్బందుల సంగతి కూడా వేరువేరు. మాత్ర వల్ల వచ్చే విరేచనాలు, నోటిపూత, బీపీ చాలావరకు మాత్ర కొన్నాళ్లు ఆపితే తగ్గుతాయి. ఇమ్యునోథెరపీ వల్ల పేగులో, ఊపిరితిత్తుల్లో, లివర్‌లో, థైరాయిడ్‌లో వచ్చే వాపు డోసు ఆపినంత మాత్రాన పోదు, కొన్ని నెలల తర్వాత కూడా రావొచ్చు, చాలాసార్లు స్టెరాయిడ్లు వాడాల్సి వస్తుంది. నాయనకు షుగర్ ఉంది కదా, స్టెరాయిడ్లతో షుగర్ ఎగబాకుతుంది. ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. సోరియాసిస్, కీళ్లవాతం లాంటివి ఎప్పుడైనా ఉన్నాయా అని డాక్టరు అడుగుతారు, చిన్నదే కదా అని దాచొద్దు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 ఉందని కంగారుపడకు, ఆ ఒక్క కారణంతో ఇమ్యునోథెరపీ సాధారణంగా మానరు.

డబ్బు సంగతి సిగ్గుపడకుండా మొదటి రోజే మాట్లాడాలి. ఇమ్యునోథెరపీ ఒక్కో డోసుకే లక్షల్లో అవుతుంది. సునిటినిబ్, పాజోపానిబ్ జెనెరిక్ మాత్రలు దానితో పోలిస్తే చాలా తక్కువ. మొదటి డోసు ఎంత అని అడగకు తల్లీ, ఏడాదికి మొత్తం ఎంతవుతుందని అడుగు. బోరు కింద ఉన్న నాలుగెకరాలు అమ్మి రెండు మూడు డోసులు వేయించి, తర్వాత చేతిలో డబ్బు లేక ఆపేయడం కంటే, ఏడాది పొడవునా ఆపకుండా వాడగలిగిన మాత్రతో మొదలుపెట్టడమే నయమని నా అభిప్రాయం. మాత్ర ఒక్కటే ఇచ్చారంటే నాయనకు అన్యాయం చేశామని అనుకోవద్దు. తక్కువ డోసు ఇమ్యునోథెరపీ గురించి కూడా నీకు ఎవరో చెప్పే ఉంటారు. దాని మీద ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు చేసిన పరిశీలన తల, మెడ క్యాన్సర్ల మీద జరిగింది. కిడ్నీ క్యాన్సర్‌కు అంత గట్టి ఆధారం లేదు. ఎవరైనా ఇస్తామంటే ఆ తేడా తెలిసే ఒప్పుకోండి. ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర డాక్టరు రాసిన మందు పేరు చూపించి ఇది ప్యాకేజీలో ఉందా అని అడుగు. నాయనకు 66 కాబట్టి 70 ఏళ్లు నిండినవాళ్లకు ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇంకా రాదు. సీఎం సహాయ నిధికీ అర్జీ పెట్టుకోవచ్చు, దానికి ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా కాగితం కావాలి.

ఎక్కడ చూపించాలి అన్నదానికి: పెద్దచోట ఒకసారి అభిప్రాయం తీసుకోండి, అనంతపురం నుంచి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి అయినా సరే, తిరుపతిలో టాటా వాళ్ల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి అయినా సరే. మందు మాత్రం నెలనెలా పోగలిగినచోటే పెట్టుకోండి. రాత్రిపూట జ్వరమో విరేచనాలో వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు లేకుండా ఇంటికి రావద్దు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. నాయనకు కిడ్నీలో రాయి ఉందని మాత్రమే చెప్పారట. మా తమ్ముడు ఎనిమిదో తరగతి వరకే చదివాడు కానీ, వాన ఎప్పుడొస్తుందో, ఏ మడిలో బుడ్డలు వేయాలో ఎవరినీ అడగకుండా నిర్ణయించుకున్న మనిషి. ఆయన ఒంటి గురించి మీరిద్దరూ ఫోన్లో తేల్చేసుకోవడం నాకు నచ్చలేదు. పైగా ఆయన్ని అడగకుండా మందు సరిగ్గా ఎంచుకోలేరు కూడా. సునిటినిబ్‌తో అరచేతులు, అరికాళ్లు పొక్కి చర్మం లేచే ఇబ్బంది పాజోపానిబ్ కంటే ఎక్కువ. పాజోపానిబ్‌తో లివర్ టెస్టులు దెబ్బతినడం ఎక్కువ. ఆఫీసులో కూర్చునేవాడికి ఒకటి, రోజూ చెప్పుల్లేకుండా చేలో తిరిగే మనిషికి ఒకటి. మూడు వారాలకొకసారి రైలెక్కి రావడం ఇష్టమా, ఇంట్లో మాత్ర వేసుకోవడం ఇష్టమా? కాస్త ఎక్కువ ఇబ్బంది పడినా ఎక్కువ కాలం కావాలా, తిరగగలిగే రోజులు కావాలా? వీటికి జవాబులు స్కాన్‌లో ఉండవు, ఆయన దగ్గరే ఉంటాయి. ఒకేసారి అన్నీ చెప్పనక్కర్లేదు. "నాయనా, అది రాయి కాదు, గడ్డ. ఊపిరితిత్తుల్లోకి కూడా పోయింది. పూర్తిగా పోగొట్టడం కష్టం, అదుపులో పెట్టే మందులున్నాయి. నీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడుగు. ఆయన వద్దంటే ఆపు. చెప్పమంటే చెప్పు. మీ మామకు నేనే చెప్పాను, ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు, కానీ ఆ తర్వాత ప్రతి డాక్టరు దగ్గరా ప్రశ్నలు ఆయనే అడిగారు.

మందు మొదలయ్యాక చేయాల్సింది ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇప్పటికి ఇవి: బీపీ మిషన్ ఒకటి కొను, మాత్రలన్నీ దాదాపు బీపీ పెంచేవే. మొదలుపెట్టకముందే థైరాయిడ్, లివర్ టెస్టులు చేయించి పెట్టుకో. నొప్పికి ఊళ్లో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించొద్దు, ఉన్న కిడ్నీ దెబ్బతింటుంది. కొండపిండి ఆకు కషాయం రాళ్లకు తాగేవాళ్లున్నారు, ఇది రాయి కాదు. ఇప్పటికే తాగుతుంటే ఆపి, తాగిన సంగతి డాక్టరుకు చెప్పు.

మీ అన్నకు ఈ ఉత్తరం చూపించు, కోపం తెచ్చుకోకుండా చదవమను. కాల్షియం, ఆల్బుమిన్ రిపోర్టులు రాగానే నాకు పంపు. డాక్టరు దగ్గరికి పోయే రోజు ముందే చెబితే పొద్దున బస్సుకు బయల్దేరి నేనూ వస్తాను, లోపల మీ నాయన పక్కన కూర్చుంటాను.

మీ అత్త