ట్రాఫిక్ అంతా గేట్‌వే మీదుగా తిప్పేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

యూజర్ల ఇంటర్నెట్ ట్రాఫిక్ అంతా కంపెనీ వీపీఎన్ మీదుగా తిప్పబోతే, టన్నెల్ (యూజర్‌కీ ఆఫీసుకీ మధ్య వీపీఎన్ వేసే దారి) కనెక్ట్ అవుతోంది, ఆఫీసు సర్వర్లు తెరుచుకుంటున్నాయి, బయటి సైట్లు మాత్రం ఒక్కటీ రావట్లేదని రాశావు. ఇలాంటప్పుడు క్లయింటు (యూజర్ మెషీన్) సెట్టింగులు పదేపదే మార్చడం దండగ. గేట్‌వే, అంటే ఆ టన్నెల్ ఆఫీసులో వచ్చి చేరే మెషీన్ వైపు చూడు.

క్లయింటు దగ్గర పని కొంచెమే. వీపీఎన్ సాఫ్ట్‌వేర్ వైర్‌గార్డ్ అయితే క్లయింటు ఫైల్లో అలౌడ్ ఐపీల దగ్గర 0.0.0.0/0, ::/0 రెండూ (అడ్రసులన్నీ అని అర్థం) రాయాలి. సర్వర్ ఫైల్లో మాత్రం ఒక్కో యూజర్‌కి ఇచ్చిన అడ్రస్ ఒక్కటే, /32తో (ఆ ఒక్క అడ్రసే అని) పెట్టు. అక్కడా 0.0.0.0/0 పెట్టావంటే సర్వర్ సొంత ట్రాఫికే ఆ యూజర్ వైపు మళ్లిపోతుంది. ఓపెన్‌వీపీఎన్ అయితే సర్వర్ నుంచి రీడైరెక్ట్-గేట్‌వే డెఫ్1 అనే ఆప్షన్‌ను క్లయింట్లకు పుష్ చెయ్యి (పంపు). అది యూజర్ పాత డిఫాల్ట్ రూట్‌ను (వేరే దారి చెప్పని ప్యాకెట్లన్నీ పోయే దారిని) చెరపదు. దాని పైన 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు సగాలు చేరుస్తుంది. అవి ఇంకా నిర్దిష్టమైన రూట్లు కాబట్టి వాటి మాటే నెగ్గుతుంది. టన్నెల్ తెగితే పాత రూట్ అలాగే ఉంటుంది.

ఇక గేట్‌వే. లినక్స్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (ఒక ఇంటర్‌ఫేస్‌లో వచ్చిన ప్యాకెట్‌ను ఇంకోదాని గుండా పంపడం) 1 అయి ఉండాలి. దాన్ని సిస్‌సీటీఎల్ (కెర్నల్ సెట్టింగుల) ఫైల్లో రాసి ఉంచకపోతే రీబూట్‌తో పోతుంది. తర్వాత నాట్, అంటే ప్యాకెట్ మీది అడ్రస్ మార్చడం. యూజర్లకు 10.8.0.0/24 లాంటి ప్రైవేట్ అడ్రసులు ఇచ్చి ఉంటావు. ఆ అడ్రస్‌తోనే ప్యాకెట్ బయటికి వెళితే జవాబు తిరిగి వచ్చే దారే ఉండదు. బయటి ఇంటర్‌ఫేస్ మీద ఆ రేంజికి మాస్కరేడ్ రూల్ (సోర్స్ అడ్రస్‌ను గేట్‌వే సొంత అడ్రస్‌గా మార్చేది) పెట్టాలి. ఆఫీసు సర్వర్లకు వెనక్కి రూటు తెలుసు కాబట్టి నాట్ లేకున్నా అవి పలుకుతాయి; నిన్ను తికమక పెట్టింది అదే అయివుండొచ్చు. మూడోది ఫైర్‌వాల్‌లోని ఫార్వర్డ్ చెయిన్ (గేట్‌వే మీదుగా పోయే ప్యాకెట్ల రూల్స్): టన్నెల్ నుంచి బయటికి అనుమతి, ఎస్టాబ్లిష్డ్ కనెక్షన్ల జవాబులకు లోపలికి అనుమతి. గేట్‌వే సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్ అయితే ట్రాఫిక్ వచ్చిన ఇంటర్‌ఫేస్ నుంచే మళ్లీ బయటికి వెళ్లాలి. దాన్ని అది మామూలుగా ఒప్పుకోదు, విడిగా ఇంట్రా-ఇంటర్‌ఫేస్ అనుమతి ఇవ్వాలి.

తప్పు ఎక్కడుందో ఊహించకు. క్లయింటు నుంచి 8.8.8.8 లాంటి బయటి అడ్రస్‌కి పింగ్ పెట్టి, గేట్‌వే మీద టన్నెల్ ఇంటర్‌ఫేస్‌నీ బయటి ఇంటర్‌ఫేస్‌నీ రెండు టెర్మినళ్లలో టీసీపీడంప్‌తో (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టూల్) చూడు. టన్నెల్‌లో కనిపించి బయట కనిపించకపోతే ఫార్వర్డింగో ఫైర్‌వాలో. బయట కనిపించి సోర్స్ ఇంకా 10.8 తోనే ఉంటే నాట్. జవాబు బయటి ఇంటర్‌ఫేస్ దాకా వచ్చి టన్నెల్‌లోకి దిగకపోతే తిరుగు దారి రూల్. పింగ్ వచ్చి సైట్ పేర్లు మాత్రం పలకకపోతే డీఎన్ఎస్ (సైట్ పేరును అడ్రస్‌గా మార్చేది): ఆఫీసు డీఎన్ఎస్ సర్వర్ అడ్రస్ పుష్ చేశావో లేదో, ఆ సర్వర్ వీపీఎన్ రేంజి నుంచి వచ్చే ప్రశ్నలకు జవాబిస్తుందో లేదో చూడు.

చిన్న పేజీలు వచ్చి పెద్దవి మధ్యలో వేలాడితే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) సంగతి. మామూలు 1500 లైను మీద వైర్‌గార్డ్‌కు 1420 సరిపోతుంది. యూజర్ ఇంట్లో పీపీపీఓఈ (కొన్ని బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు వాడే పద్ధతి) లైను ఉంటే అక్కడ 1492యే కనుక, టన్నెల్‌ని 1412కి దించు. గేట్‌వే మీద టీసీపీ ఎంఎస్ఎస్ క్లాంప్ (టీసీపీ ముక్కల సైజును ఆ హద్దుకు కుదించే రూల్) కూడా పెట్టు. యూడీపీ (పోయిన ప్యాకెట్‌ను తనంతట మళ్లీ పంపనిది) వీలైన చోట ఓపెన్‌వీపీఎన్‌ని టీసీపీ మీద నడపకు. లైను కాస్త తడబడితే లోపలి టీసీపీ, బయటి టీసీపీ రెండూ పోటీపడి మళ్లీ మళ్లీ పంపుతూ మొత్తాన్ని నత్తనడక చేస్తాయి.

ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసులు) చాలామంది మరిచేది. టన్నెల్ ఐపీవీ4నే మోస్తే, ఇంట్లో ఐపీవీ6 ఉన్న యూజర్ ట్రాఫిక్ కొంత కంపెనీ కంటపడకుండానే వెళ్లిపోతుంది. టన్నెల్‌లో దానికీ చోటివ్వు, లేదా క్లయింటులో ఆపెయ్యి.

బ్యాండ్‌విడ్త్ లెక్క ముందే వేసుకో. యూజర్ దింపుకునే ప్రతి బైటూ ఆఫీసు లైనులోకి ఒకసారి వచ్చి, అదే లైను మీద మళ్లీ బయటికి పోతుంది. 40 మంది తలా 5 ఎంబీపీఎస్ వాడితే దిగడానికి 200, ఎక్కడానికి ఇంకో 200 కావాలి. అప్‌లోడ్ తక్కువిచ్చే లైనైతే ముందు అదే నిండుతుంది. వీడియో మీటింగులను టన్నెల్ బయటే వదలడానికి సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకుంటే నా ఓటు దానికే. ఒప్పుకోకపోతే ఈ లెక్క చూపించి లైను పెంచమను. ట్రాఫిక్ ఇకపై కంపెనీ మీదుగా పోతుందని, ఏ లాగ్‌లు ఉంటాయో కూడా యూజర్లకు ముందే రాతపూర్వకంగా చెప్పించు.

రూల్స్ మార్చేటప్పుడు నువ్వే వీపీఎన్ మీద కూర్చుని ఉంటే, పది నిమిషాల్లో పాత రూల్స్ వాటంతటవే లోడ్ అయ్యేలా టైమర్ పెట్టి మొదలుపెట్టు. మార్చాక కొత్తగా కనెక్ట్ అయి లోపలికి రాగలిగితేనే ఆ టైమర్ తీసెయ్యి.

ఇట్లు,
బాబాయి