టెక్ సందేహాలు: గ్రూపు కింద గ్రూపు, దాని కింద సరుకు

"ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి సార్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి స్టాక్ లిస్టు ఎక్సెల్‌లోకి దింపుకున్నాం. మొదటి కాలమ్‌లో విభాగం, రెండో దాంట్లో రకం, మూడో దాంట్లో ఐటమ్, తర్వాత సైజు, రేటు. రేటు మీద సార్ట్ కొట్టేసరికి అంతా కలగాపులగం అయిపోయింది. ఏది చీరల కిందదో, ఏది పిల్లల దుస్తుల కిందదో తెలియడం లేదు. చూసుకోకుండా సేవ్ కూడా చేసినాము. రేట్లు మార్చి మళ్లీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. దారి చెప్పండి."

ముందు ఆ ఫైలును పక్కన పడేసి, సాఫ్ట్‌వేర్ నుంచి లిస్టు మళ్లీ దింపుకోండి. పాడైనదాన్ని బాగుచేయాలని కూర్చుంటే పూట గడిచిపోతుంది, పని మాత్రం కాదు. 'చీరలు' అన్న మాట పైవరుసలో ఒక్కసారే ఉంటుంది. దాని కింద నలభై వరుసలుంటే నలభైలోనూ ఆ గడి ఖాళీ. ఖాళీ గడిని మన కన్ను 'పైన ఉన్నదే' అని చదువుకుంటుంది. ఎక్సెల్‌కు ఖాళీ అంటే ఖాళీయే. ఏది దేని కిందదో చెప్పే ఆధారం వరుసల క్రమం ఒక్కటే. సార్ట్ కొట్టగానే అదీ పోయింది.

కొత్తగా దింపుకున్న ఫైల్లో మొట్టమొదట ఎడమ చివర ఒక కాలమ్ చేర్చి 1, 2, 3 అని చివరిదాకా వరుస సంఖ్యలు వేయండి. తర్వాత ఏం జరిగినా ఈ కాలమ్ మీద సార్ట్ కొడితే మొదటి క్రమం తిరిగి వస్తుంది. మధ్యమధ్యలో 'మొత్తం' అని వచ్చే వరుసల్ని తీసేయండి. గడులు కలిపేసి ఉంటే షీటంతా ఎంచుకుని 'మెర్జ్ అండ్ సెంటర్' బటన్ నొక్కితే విడిపోతాయి.

ఇక ఖాళీలు నింపడం. విభాగం కాలమ్‌లో మొదటి పేరు నుంచి ఆఖరి వరుస దాకా ఎంచుకుని ఎఫ్5 నొక్కండి. 'స్పెషల్'లోకి వెళ్లి 'బ్లాంక్స్' ఎంచుకుని ఓకే అంటే ఖాళీ గడులు మాత్రమే ఎంపికవుతాయి. ఇప్పుడు మౌస్ ముట్టుకోకుండా సమానం గుర్తు కొట్టి, పైబాణం మీట ఒకసారి నొక్కి, కంట్రోల్ పట్టుకుని ఎంటర్ కొట్టండి. ప్రతి ఖాళీలోకీ దాని పైగడిలోని పేరు దిగుతుంది. అయితే అక్కడ ఉన్నది పేరు కాదు, 'పైగడిని చూడు' అన్న ఫార్ములా. ఇలాగే వదిలేసి సార్ట్ కొడితే మళ్లీ మొదటికే వస్తుంది. కాబట్టి ఆ కాలమ్ మొత్తం కాపీ చేసి, అక్కడే 'పేస్ట్ స్పెషల్'లో 'వాల్యూస్'గా అతికించండి. ఖాళీలు కళ్లకు కనిపిస్తున్నా 'నో సెల్స్ వర్ ఫౌండ్' అంటే, వాటిలో స్పేస్ లాంటిదేదో దాక్కుని ఉందని అర్థం. ఫిల్టర్ పెట్టి అలాంటి గడులు ఎంచుకుని డిలీట్ మీట నొక్కి, మళ్లీ మొదలుపెట్టండి.

రకం కాలమ్ దగ్గర మాత్రం ఆగి చూసుకోండి. రకం లేకుండా నేరుగా విభాగం కిందే ఉండే ఐటమ్‌లు కొన్ని ఉంటాయి. చీరల విభాగం 'పట్టు'తో ముగిసి, తర్వాతి విభాగం 'తువాళ్లు'కు రకాలే లేవనుకోండి. గుడ్డిగా నింపితే తువాళ్లన్నీ 'పట్టు' అయిపోతాయి. రకం నింపే ముందు ప్రతి విభాగం మొదటి వరుసను చూసి, అక్కడ రకం ఖాళీగా ఉంటే 'రకం లేదు' అని టైపు చేసేయండి. ఎక్కించేముందు ఆ మాటను తుడిచేస్తే సరి.

రేట్లు మార్చేటప్పుడు ఇంకో గోతి ఉంది. ఫిల్టర్ పెట్టి కొన్ని వరుసలే చూస్తున్నప్పుడు రేటు కిందికి లాగితే కనిపించే వరుసలే మారతాయి. ప్లస్, మైనస్ గుర్తులతో గ్రూపు మూసినప్పుడు అలా కాదు. మూసిన వరుసలు కూడా మారిపోతాయి, డిలీట్ చేస్తే అవీ పోతాయి. గ్రూపులు మూసి పనిచేసేవారు గడులు ఎంచుకున్న వెంటనే ఆల్ట్, సెమీకోలన్ కలిపి నొక్కి, కనిపించేవాటినే పట్టుకోవాలి. ఫిల్టర్‌లోనూ నాలుగు రేట్లు ఒకేసారి కాపీ చేసి అతికిస్తే, అవి దాగిన వరుసల్లోకి కూడా దిగుతాయి.

ఎక్కించేటప్పుడు ఐడీ కాలమ్ (ఒక్కో ఐటమ్‌కు సాఫ్ట్‌వేర్ తనే ఇచ్చుకున్న గుర్తు) ఉంటే దాని జోలికి పోకండి. ఏ వరుస ఏ ఐటమో సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టేది పేరుతో కాదు, దాంతోనే. ఐడీ లేకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు పాతదాని రేటు మార్చవు, అదే పేరుతో కొత్త ఐటమ్ తెరుస్తాయి. 'కాటన్' పక్కన ఒక స్పేస్ ఎక్కువైనా చాలు, కొన్నిట్లో రెండో 'కాటన్' గ్రూపు పుడుతుంది. విభాగం, రకం కాలమ్‌లకు ట్రిమ్ ఫంక్షన్ వేసి శుభ్రం చేయండి. కొత్త గ్రూపులు ఉంటే ముందు వాటిని ఎక్కించి, తర్వాత వాటి కింది ఐటమ్‌లు ఎక్కించాలి. లేని గ్రూపు కిందికి ఐటమ్ వెళ్లదు.

సైజుల విషయంలో మీ అంగడికి తప్పకుండా తగిలే దెబ్బ ఒకటి చెప్పాలి. పిల్లల దుస్తుల సైజు 10-12 అని ఉన్న సీఎస్‌వీ (గడుల్ని కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైలును డబుల్ క్లిక్‌తో తెరిస్తే, ఎక్సెల్ దాన్ని డిసెంబర్ 10 చేసేస్తుంది. 2-3 మార్చి 2 అవుతుంది. ఆ తర్వాత టెక్స్ట్‌గా మార్చినా 10-12 రాదు, 46 వేల పైచిలుకు అంకె ఏదో కనిపిస్తుంది. జీఎస్టీ కోసం సరుకులకు వేసే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లదీ ఇదే గతి. ఉల్లిగడ్డల 0703 కాస్తా 703 అవుతుంది, పసుపు కొమ్ముల 0910 కాస్తా 910. ఆ కోడ్‌లో మొదటి రెండంకెలు అధ్యాయం, నాలుగు కలిస్తే శీర్షిక. సున్నా పోతే కోడ్ మొత్తం తప్పు. అందుకే ఫైలును నేరుగా తెరవకుండా, డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెచ్చుకుని ఆ కాలమ్‌లను టెక్స్ట్ అని చెప్పండి. ఐటమ్ పేర్లు తెలుగులో ఉంటే సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' రకమే ఎంచుకోవాలి, లేకపోతే పేర్లన్నీ ప్రశ్నార్థకాలే. మొత్తం ఎక్కించే ముందు ఐదు వరుసలతో ఒక ఫైలు చేసి పరీక్షించండి. ఆ ఐదిట్లో ఒకటి 10-12 సైజు, మీ లిస్టులో ఉంటే ఒకటి సున్నాతో మొదలయ్యే కోడ్ ఉండేలా చూసుకోండి.

"ఆదోనిలో పత్తి కొంటాం. షీట్‌లో ఊరి వారీగా గ్రూపులు పెట్టుకున్నాం. మైనస్ నొక్కి ఒక ఊరిని మూసేస్తే అడుగున మొత్తం క్వింటాళ్లు తగ్గిపోతున్నాయి. తెరిస్తే మళ్లీ సరిపోతాయి. ఫైలు పాడైందా?"

ఫైలుకేమీ కాలేదు. మీ సబ్‌టోటల్ ఫార్ములాలో మొదటి అంకె 109 అని ఉంది, దాన్ని 9 చేయండి. 109 అంటే మూసిన వరుసల్ని లెక్కలోంచి వదిలేయమని. 9 వాటిని కూడా కలుపుకుంటుంది. ఫిల్టర్ దాచిన వరుసల్ని మాత్రం రెండూ వదిలేస్తాయి. సబ్‌టోటల్ బదులు మామూలు సమ్ వాడితే ఊరి మొత్తాలు, రైతుల తూకాలు రెండూ కలిసి అంకె రెట్టింపవుతుంది. ఊరి మొత్తం కింద కాకుండా పైన కావాలంటే డేటా ట్యాబ్‌లో 'అవుట్‌లైన్' మూలన ఉన్న చిన్న బాణం నొక్కి, 'సమ్మరీ రోస్ బిలో డీటెయిల్' దగ్గరి టిక్ తీసేయండి.

"తాడిపత్రిలో బండల యార్డు. టాలీ ప్రైమ్ వాడతాం. పాలిష్ బండ ఒకటి పొరపాటున స్కర్టింగ్ గ్రూపు కింద తెరిచాం, ఏడాదిగా బిల్లులు నడుస్తున్నాయి. డిలీట్ కొడితే ఒప్పుకోవడం లేదు. ఇంకోటి, హమాలీ ఖర్చు లెడ్జర్ కూడా ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద ఉంది, మార్చమని మా ఆడిటర్ అంటున్నాడు."

ఒప్పుకోకపోవడమే మీ అదృష్టం. లావాదేవీలున్న ఐటమ్‌ను, లెడ్జర్‌ను టాలీ తీయనివ్వదు. తీయాల్సిన పని కూడా లేదు. టాలీ మొదటి స్క్రీన్ అయిన గేట్‌వేలో 'ఆల్టర్' తెరిచి, 'స్టాక్ ఐటమ్'లో ఆ బండను ఎంచుకుని, 'అండర్' అన్న చోట సరైన గ్రూపు పెట్టి, కంట్రోల్, ఎ కలిపి నొక్కితే అయిపోయింది. పాత బిల్లులన్నీ ఐటమ్‌తో పాటే కొత్త గ్రూపు కిందికి వస్తాయి. మార్చాల్సినవి చాలా ఉంటే 'చార్ట్ ఆఫ్ అకౌంట్స్'లో స్టాక్ ఐటమ్స్ తెరిచి, ఆల్ట్, హెచ్ నొక్కి 'మల్టీ ఆల్టర్'లో పట్టిక రూపంలోనే మార్చుకోవచ్చు. అంతకుముందు ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ తీయడం మరవొద్దు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గ్రూపు అనేది బిల్లు మీద రాసి ఉండదు, ఐటమ్ మీద ఉంటుంది. అందుకని ఈ రోజు మార్చినా, పోయిన ఏడాది మార్చి 31 నాటి స్టాక్ సమ్మరీ తెరిస్తే అందులోనూ బండ కొత్త గ్రూపు కిందే కనిపిస్తుంది. మొత్తం విలువ మారదు, గ్రూపుల వారీ అంకెలు మారతాయి. హమాలీ లెడ్జర్‌ను డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ (స్థూల లాభం తేల్చేటప్పుడే తీసేసే ఖర్చులు) కిందికి మారిస్తే ఇంకా గట్టిగా తెలుస్తుంది. పాత ఏళ్ల లాభనష్టాల పట్టీలోనూ స్థూల లాభం తగ్గి కనిపిస్తుంది, నికర లాభం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బ్యాంకుకు, ఆడిట్‌కు ఇచ్చిన పాత పట్టీలతో ఇవి సరిపోలవు. కాబట్టి మార్చే ముందే పాత ఏళ్ల స్టాక్ సమ్మరీ, లాభనష్టాల పట్టీ, బ్యాలన్స్ షీట్ పీడీఎఫ్‌లుగా తీసి దాచుకోండి. ఆడిటర్‌తో కూర్చుని, ఆయన చూస్తుండగా మార్చడం ఇంకా మేలు.

యార్డు వారికే ఇంకో మాట. స్టాక్ గ్రూపు తెరిచేటప్పుడు 'షుడ్ క్వాంటిటీస్ ఆఫ్ ఐటమ్స్ బి యాడెడ్' అని అడుగుతుంది. చదరపు అడుగుల్లో అమ్మే బండలన్నీ ఒక గ్రూపైతే ఎస్ పెట్టొచ్చు. రన్నింగ్ అడుగుల్లో అమ్మే స్కర్టింగ్, నగాల లెక్కన పోయే మెట్లు అందులోనే కలిపితే ఆ మొత్తానికి అర్థం ఉండదు. యూనిట్‌ను బట్టి గ్రూపులు విడదీసుకోండి.

"అనంతపురంలో ఎరువులు, విత్తనాల డిస్ట్రిబ్యూషన్ మాది. డీలర్ల పట్టిక జిల్లా, మండలం, ఊరు అని మూడంచెల్లో ఉంది. జిల్లాలు విడిపోయినాక శ్రీ సత్యసాయి జిల్లా తెరిచి, దాని కింద ధర్మవరం కొత్తగా చేర్చినాము. ఇప్పుడు ధర్మవరాలు రెండు. పాత బాకీలు ఒకదాని కింద, కొత్త బిల్లులు ఒకదాని కింద."

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పటి నుంచి ఈ తిప్పలు చాలామందివి. మీ దగ్గర ధర్మవరం, కదిరి, హిందూపురం అయితే, కర్నూలు వాళ్లకు డోన్, బనగానపల్లె. కొత్త జిల్లా తెరవడం సరైనదే. కొత్త మండలం తెరవడమే పొరపాటు. పాత ధర్మవరం రికార్డు తెరిచి, అందులో జిల్లా అన్న గడిలో పేరు మారిస్తే చాలు. దాని కింది ఊళ్లు, డీలర్లు, బాకీలు అన్నీ దాని వెంటే వస్తాయి. ఒక్క ఊరినీ విడిగా ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. పాత ధర్మవరాన్ని కొత్త జిల్లా కిందికి జరపండి. రెండో ధర్మవరం కింద చేరిన ఊళ్లను ఒక్కొక్కటిగా పాతదాని కిందికి మార్చండి. ఒకే డీలర్ రెండు చోట్లా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో 'మెర్జ్' ఉందేమో చూడండి. లేకపోతే కొత్త ఖాతాలోని నిల్వను జర్నల్ ఎంట్రీతో పాతదానికి మళ్లించాలి. రెండో ధర్మవరం కింద ఏమీ మిగల్లేదని తేలాక దాన్ని డిలీట్ చేయకుండా 'ఇన్‌యాక్టివ్' చేయండి. పాత బిల్లు ఏదైనా దాన్ని చూపిస్తూ ఉంటే, డిలీట్ చేశాక ఆ బిల్లులో ఆ గడి ఖాళీగా వస్తుంది.

అయితే బండల యార్డు వారికి చెప్పిన మెలికే మీకూ ఉంది. 2021-22 అమ్మకాల రిపోర్టు ఇప్పుడు తీస్తే అనంతపురం అంకె పడిపోయి, అప్పటికి పుట్టని జిల్లా పేరు కనిపిస్తుంది. టార్గెట్లు పోల్చుకోవడానికి ఇదే సౌకర్యం. పాత రిపోర్టు పాతగానే కావాలంటే, బిల్లు కొట్టే రోజున జిల్లా పేరు బిల్లులోకే కాపీ అయ్యే ఏర్పాటు ఉండాలి. అది ఉందో లేదో సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారిని అడగండి. జీఎస్టీకి దిగులు లేదు, అక్కడ చూసేది రాష్ట్రం కోడ్ 37, జిల్లా కాదు.

పేర్లను నమ్మి జోడించడం కూడా మానేయాలి. ఒకరు అనంతపురం అని కొడతారు, ఇంకొకరు అనంతపురము అంటారు, సాఫ్ట్‌వేర్‌కు అవి రెండు జిల్లాలు. కొత్తపల్లి అన్న ఊరు ఎన్ని మండలాల్లో లేదు! కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకు, మండలానికి, ఊరికి ఒక్కో కోడ్ ఉంటుంది. దాన్ని మీ పట్టికలో ఒక కాలమ్‌గా పెట్టుకుంటే ఏ కొత్తపల్లో తగాదా ఉండదు.

"కర్నూలులో మందుల హోల్‌సేల్. కేటగిరీలు సర్దుతుంటే రెండు కేటగిరీలు, వాటి కిందివన్నీ జాబితాలోంచి మాయమైపోయాయి. వెతికితే మందు దొరుకుతుంది, బిల్లూ అవుతుంది. చెట్టులా చూపించే స్క్రీన్‌లో మాత్రం లేవు."

ఉదాహరణకు 'యాంటీబయాటిక్స్'ను 'ఇంజెక్షన్లు' కింద పెట్టి, తర్వాత 'ఇంజెక్షన్లు'ను తీసుకెళ్లి 'యాంటీబయాటిక్స్' కింద పెట్టి ఉంటారు. ఆ స్క్రీన్ పైన ఎవరూ లేని కేటగిరీల దగ్గర మొదలుపెట్టి ఒక్కో అంచె కిందికి దిగుతుంది. ఒకదానికొకటి తలకెత్తుకున్న ఈ రెండింటి దగ్గరికి దానికి దారే లేదు. మంచి సాఫ్ట్‌వేర్ సేవ్ చేసేటప్పుడే అడ్డం కొడుతుంది, మీది కొట్టలేదు. వెతుకుడు పెట్టెలో ఆ రెంటిలో ఒకదాన్ని తెరిచి, 'పేరెంట్' (పైకేటగిరీ) గడిని ఖాళీ చేసి సేవ్ చేయండి. రెండూ ప్రత్యక్షమవుతాయి.

అప్పుడూ కొన్ని కనిపించకపోతే, వాటి పైకేటగిరీని ఎవరో డిలీట్ చేసినట్టు. కేటగిరీల పట్టికను ఎక్సెల్‌లోకి దింపి, ఒక్కో వరుసలోని పేరెంట్ ఐడీ, ఐడీల కాలమ్‌లో ఎన్నిసార్లు ఉందో కౌంట్‌ఇఫ్‌తో లెక్కపెట్టండి. పేరెంట్ గడి నిండి ఉండి, లెక్క సున్నా వచ్చిన వరుసలే దిక్కులేనివి. వాటికి 'సర్దాల్సినవి' అన్న కొత్త కేటగిరీ ఒకటి తెరిచి దాని కిందికి చేర్చి, తీరిక చూసుకుని అసలు చోట్లకు పంపండి.