మోదుగు చెట్టు మీది గులాబీ గోరింకలు గూడు ఎందుకు పెట్టలేదంటే

గూడు కోసం చెట్టుకు కుండ కట్టినా గోరింకలు అందులో చేరలేదేమని అడిగారు కదా, మీ కుండలో తప్పేం లేదు. హన్మకొండ శివారులో జొన్నచేను పక్కన మీరు చూసినవి గులాబీ గోరింకలే (రోజీ స్టార్లింగులు) అయితే, అవి మన దగ్గర గుడ్లు పెట్టవు. కజకిస్తాన్ వైపు రాళ్ల గుట్టల సందుల్లో మే, జూన్ నెలల్లో వేల జంటలు ఒకేచోట పెడతాయి. అక్కడ పిల్లలకు మేత మిడతలు. మన దగ్గరికి వచ్చేది తిండికే: జొన్న కంకులు, మోదుగు, బూరుగు పూల తేనె. ఏప్రిల్‌లో మాయమయ్యాయన్నారు కదా, వెళ్లిపోయే కాలమే అది.

పిట్ట ఏదో తేల్చుకునేటప్పుడు అందరూ వదిలేసేది గొంతు చూడటం. వచ్చేసారి బైనాక్యులర్‌తో:

1. తల, గొంతు, రెక్కలు నల్లగా, వీపు, పొట్ట గులాబీగా ఉంటే వలస పిట్ట. చలికాలంలో ఆ గులాబీ మాసినట్టుంటుంది.
2. నెత్తి మీదే నలుపు, గొంతు లేత ఇటుక రంగు, వీపు బూడిద రంగు అయితే పాపట గోరింక. ఇది ఇక్కడిదే, చెట్టు తొర్రలో గూడు పెడుతుంది.
3. గుంపులో మట్టి రంగు ఒళ్లు, పసుపు ముక్కు ఉన్నవి ఇక్కడ పుట్టిన పిల్లలు కావు. అక్కడ పుట్టి ఎగిరొచ్చినవే. నేనూ మొదట్లో ఈ విషయంలోనే బోల్తాపడ్డా.

కుండ తీయకండి, పాపట గోరింకకు పనికొస్తుంది.