లీగల్ ఎయిడ్ డిఫెన్స్ ఆఫీసులో వేసవి ఇంటర్న్‌షిప్ చేయొచ్చా?

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో రెండో ఏడాది అయిపోవస్తోందని, ఈ వేసవిలో జిల్లా కోర్టులోని లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో చేరాలా, ఏదైనా లా ఫర్మ్‌కి ప్రయత్నించాలా అని అడిగారు. "అక్కడన్నీ ఉచిత కేసులే, నేర్చుకోవడానికి ఏముంటుంది?" అని ఫ్రెండ్స్ అంటున్నారని కూడా రాశారు. నేను 2023 వేసవిలో అలాంటి ఆఫీసులోనే ఇంటర్న్‌గా చేశాను, ఇప్పుడు క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ చేస్తున్నాను. మీకు క్రిమినల్ లా మీద నిజంగా ఆసక్తి ఉంటే అక్కడికే వెళ్లండి. కార్పొరేట్ వైపు వెళ్లాలని ఉంటే మాత్రం ఫర్మే మేలు, అందులో తప్పేం లేదు.

ఈ ఆఫీసుల గురించి చాలామందికి సరిగా తెలియదు. లీగల్ ఎయిడ్ అంటే ఇప్పటికీ ప్యానెల్ లాయర్లే అనుకుంటారు. వాళ్లు సొంత కేసులు చూసుకుంటూ మధ్యలో ఇవి చూసేవారు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2022లో తెచ్చిన పథకంతో ఆ పద్ధతి మారింది. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ డిఫెన్స్ కౌన్సెల్ అని పూర్తికాలం లాయర్లుంటారు. ప్రైవేట్ కేసులు తీసుకోకూడదు. క్రిమినల్ కేసుల్లో ముద్దాయి తరఫున మాత్రమే పనిచేస్తారు. కేసు పెట్టేదీ ప్రభుత్వమే, ఈ లాయర్లకు జీతమిచ్చేదీ ప్రభుత్వమే. అయినా వాళ్లు నిలబడేది ముద్దాయి పక్కనే. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం కస్టడీలో ఉన్న మనిషి ఆదాయం ఎంతన్నది చూడకుండానే ఉచిత న్యాయ సహాయం అందాలి.

ఇక నేర్చుకునే విషయం. నా అనుభవంలో అక్కడ అన్నిటికంటే ఎక్కువ నేర్పేది వాదనలు కాదు, అరెస్టయిన మనిషిని కస్టడీకి పంపమని పోలీసులు కోర్టుకిచ్చే రిమాండ్ రిపోర్టు. కాలేజీలో ఎవరూ దాన్ని మన చేతికివ్వరు. పోలీసులు మనిషిని తెచ్చి మేజిస్ట్రేట్ ముందు పెట్టే సమయానికి డిఫెన్స్ చేతిలో ఉండేది దాదాపు ఆ కాగితం ఒక్కటే. అరెస్టు ఎన్ని గంటలకు చూపించారు, మేజిస్ట్రేట్ ముందుకు ఇరవై నాలుగు గంటల్లోపు తెచ్చారా, అరెస్టుకు కారణాలు ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పారా, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే నోటీసుతో సరిపెట్టకుండా అరెస్టు ఎందుకు చేయాల్సి వచ్చింది? ఇవన్నీ ఆ నాలుగైదు పేజీల్లోనే వెతకాలి. అనవసర అరెస్టుల మీద అర్నేశ్ కుమార్ తీర్పు (2014), అరెస్టు కారణాలు చెప్పడం మీద విహాన్ కుమార్ తీర్పు (2025) ముందే చదువుకుని వెళ్లండి. చదివిన తీర్పు ఎదురుగా ఉన్న కాగితంలో ఏ లైను దగ్గర పనికొస్తుందో అక్కడ కనిపిస్తుంది. మా సీనియర్ గారు రిపోర్టు చేతికిచ్చి "ఇందులో ఏం లేదో చెప్పు" అనేవారు. ఉన్నది అందరూ చదువుతారు. రాయకుండా వదిలేసింది పట్టుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది.

రెండోది తేదీలు. ఇంటర్న్ నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 187(3) కింద అరవై రోజుల్లో ఛార్జిషీట్ పడకపోతే ఆ ఒక్క కారణంతోనే బెయిల్ పొందే హక్కు (డిఫాల్ట్ బెయిల్) వస్తుంది. మరణశిక్ష, జీవిత ఖైదు, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష ఉన్న నేరాలకు అది తొంభై రోజులు. ఇరవై కిలోలకు మించి గంజాయి దొరికిన కేసుల్లో నూట ఎనభై. మొదటి రిమాండ్ రోజు కూడా లెక్కలోకే వస్తుందని 2023లో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం తేల్చింది. గడువు దాటాక, ఛార్జిషీట్ పడేలోపు పిటిషన్ వేయకపోతే ఆ హక్కు పోతుంది. డబ్బున్న ముద్దాయి తరఫున ఈ రోజులు లెక్కపెట్టడానికి ఒక జూనియర్ ఉంటాడు. సబ్‌జైల్లో ఉన్న కూలీకి ఎవరుంటారు? ప్రతి ఫైలుకీ మొదటి రిమాండ్ తేదీ, సెక్షన్లు, గడువు తీరే రోజు రాసి మీరే ఒక పట్టిక తయారు చేయండి. ఎవరూ అడగకపోయినా చేయండి. అలాగే అదే చట్టంలోని సెక్షన్ 479 కూడా చూడండి. ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలని విచారణ ఖైదీ, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లోనే గడిపేస్తే విడుదలకు అర్హుడు. మిగతావారికి అది సగం. మరణశిక్ష, జీవిత ఖైదు కేసులకూ, ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉన్నవారికీ ఇది వర్తించదు. ఈ సెక్షన్ 2024 జులై 1కి ముందు నమోదైన కేసులకూ వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

నన్ను బాగా కలచివేసింది మాత్రం ష్యూరిటీల (జామీనుదారుల) వ్యవహారం. బెయిల్ ఆర్డర్ వచ్చిందంటే మనిషి బయటకొచ్చినట్టే అనుకునేవాణ్ని. అక్కడ ఒకాయన చిన్న దొంగతనం కేసులో బెయిల్ వచ్చాక కూడా లోపలే ఉండిపోయాడు. వేరే జిల్లా నుంచి పనికి వచ్చిన మనిషి. ఇద్దరు జామీనుదారులు కావాలంటే ఈ ఊళ్లో ఆయనకు తెలిసినవాళ్లే లేరు. ఇంటి పన్ను రసీదు పట్టుకుని కోర్టుకి ఎవరొస్తారు? వాళ్లమ్మకు ఫోన్ చేసి విషయం చెబితే, "బెయిల్ ఇచ్చారని చెప్పారు కదయ్యా, మరి పంపరేం?" అని అడిగింది. ఆవిడకు జవాబు చెప్పడం నాకు చాలా కష్టమైంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని ఉంది. దాన్ని జతచేసి పిటిషన్ డ్రాఫ్ట్ చేయమని సీనియర్ గారు నాకే అప్పగించారు. కోర్టు ఆయన్ని సొంత పూచీకత్తు మీద వదిలింది. నేను రాసిన డ్రాఫ్టులో సీనియర్ గారు సగం కొట్టేశారు గానీ, బెయిల్ పిటిషన్‌లో మనిషి ఆర్థిక పరిస్థితి మొదటి పేజీలోనే రాయాలని అప్పుడే నేర్చుకున్నాను.

"నిజంగా నేరం చేసినవాణ్ని కాపాడితే ఎలా?" అన్న టెన్షన్ మీకూ ఉండొచ్చు. చేశాడో లేదో తేల్చేది కోర్టు. ఈ ఆఫీసు పని, వాదించే మనిషి లేకుండా ఎవరికీ శిక్ష పడకుండా చూడటం. లాయర్ని పెట్టుకునే స్తోమత లేక విచారణ సాగిపోతే ఆ విచారణే చెల్లదని 1986లో సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ఆ మాట చాలు.

ఒక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి. క్లయింట్ చెప్పింది బయట చెప్పకూడదు. పేరు తీసేసి సోషల్ మీడియాలో కథలా రాయడం కూడా వద్దు, చిన్న ఊళ్లలో ఎవరి కేసో ఇట్టే తెలిసిపోతుంది. జైలుకి అనుమతి లేకుండా, లాయర్ గారు లేకుండా వెళ్లొద్దు. "బెయిల్ వచ్చేస్తుంది" అని కుటుంబానికి మాట ఇవ్వొద్దు.

మే నెలలో కోర్టులకు సెలవులు కదా, పని ఉంటుందా అని అనుమానం రావచ్చు. సివిల్ పని తగ్గుతుంది గానీ అరెస్టులకూ రిమాండ్లకూ సెలవులుండవు. ట్రయల్స్, క్రాస్ ఎగ్జామినేషన్లు బాగా చూడాలంటే మాత్రం ఏప్రిల్‌లోనే చేరగలిగితే మంచిది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సులో మొత్తం పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఒక ఏడాదిలో ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదు. దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకోండి. స్టైపెండ్ మీద ఆశ పెట్టుకోకండి.

కాలేజీ లెటర్ తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి దరఖాస్తు పెట్టండి. అందులో "డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో" అని స్పష్టంగా రాయండి, లేకపోతే అవగాహన సదస్సులు, లోక్ అదాలత్ పనుల్లో వేసేస్తారు. అవీ మంచి పనులే, కానీ మీరు అడిగిన చదువు అక్కడ దొరకదు. చేరిన మొదటి రోజే రిమాండ్ డ్యూటీ ఎవరిదో కనుక్కుని, వెంట తీసుకెళ్లమని ఆ లాయర్ గారినే అడగండి.